సరస్సు వాటా

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న టౌన్ బోర్డు అధ్యక్షురాలు మిర్నా ట్రెజోనా గారికీ, జూన్ దోమల్ని లెక్కచేయకుండా రాజధాని నుంచి ఇంతదూరం కారులో వచ్చిన రాష్ట్ర మత్స్య విభాగం పెద్దలకూ, ముందు వరుసలో కూర్చుని నేను నోరు విప్పకముందే కళ్లు తుడుచుకుంటున్న బెర్నీస్ సొబ్‌చాక్ గారికీ, వెనకాల తలుపు దగ్గర బీరు గ్లాసుతో నిలబడి అక్క ఇవాళ ఏం వాగుతుందోనని బిక్కుబిక్కుమంటున్న మా తమ్ముడు వెయ్‌నోకీ, గాలాలు ఒడ్డున పడేసి వచ్చిన టామరాక్ సరస్సు మిత్రులందరికీ, అందరికన్నా ముఖ్యంగా ఇవాళ మధ్యాహ్నంతో ఉద్యోగ విరమణ చేసిన బెర్నీస్‌గారి భర్త, మన రోలండ్ సొబ్‌చాక్ గారికీ నమస్కారం.

నా పేరు ఇర్మా లాహ్తి. రేవు పక్కన ఎర దుకాణం నాదేనని ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు గానీ, రాజధాని నుంచి వచ్చిన పెద్దలకు చెప్పాలి, ఎందుకంటే వాళ్లు నన్ను చివరిసారి చూసినప్పుడు నేను ఇదే హాల్లో, ఇదే మైకు ముందు నిలబడి, ఇదే రోలండ్‌ను పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. ఆ రోజు నాకు చప్పట్లు కొట్టింది కూడా మీరే. ఆ తిట్లలో ఒక్కదాన్ని కూడా వెనక్కి తీసుకోవడానికి నేనిక్కడికి రాలేదు. ఈ మనిషికి నేను ఒకటి పెట్టాల్సి ఉంది, ఇన్నేళ్లుగా పెడతానంటే పుచ్చుకోవడం లేదు, ఇవాళ పెట్టే వెళతాను. మిర్నా ఎన్నిసార్లు వాచీ చూసుకున్నా సరే.

రోలండ్ గారి ఉద్యోగం ఏమిటంటే చేపలు పట్టే నిబంధనల పుస్తకం రాయడం. ఏ చేప ఏ నెలలో పట్టాలి, ఎంత పొడుగుంటే ఇంటికి తీసుకెళ్లాలి, దేనికి పర్మిట్ కావాలి, ఏ జీవాన్ని ఏ నీళ్లలోంచి ఏ నీళ్లలోకి మోసుకెళ్లకూడదు, ఇవన్నీ మన ప్రాంతానికి సంబంధించినంతవరకు ఆయన చేతిమీదుగానే జరిగాయి. ఏటా మంచు కరగ్గానే వచ్చి ఆ పుస్తకాల కట్ట నా గల్లాపెట్టె పక్కన పెట్టి వెళ్లేవాడు. జనం తలా ఒకటి తీసుకునేవారు, మర్యాదగా తల ఊపేవారు, ఇంటికెళ్లి వాటితో ఆవిరిస్నానం చేసే సౌనాలో పొయ్యి రాజేసుకునేవారు. (నవ్వులు) వెయ్‌నో, నువ్వు అంతగా ఇకిలించకు, మన పొయ్యి సంగతి కూడా చెప్పమంటావా?

మర్యాదస్తుడే గానీ మహా మొండివాడు. శుక్రవారం సాయంత్రాలు ఇక్కడ చేపల వేపుడు విందు జరుగుతుంటే, ఊరంతా పళ్లేలు పట్టుకుని వరస కడుతుంటే, ఈయన మాత్రం ఓ మూల కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టె, జున్ను తినేవాడు. పర్మిట్లు రాసే చేత్తో పర్మిట్లు అడిగేవాళ్ల తిండి తినకూడదట. మా పెరట్లో కాసే ఎర్రటి రూబార్బ్ కాడలతో పుల్లపుల్లగా 'పై' అనే పిండివంట కాల్చి, ఒక ముక్క పట్టుకెళితే, "వద్దండి ఇర్మాగారూ, రూలు ఒప్పుకోదు" అనేవాడు. "ఆ రూలు రాసిందెవరయ్యా?" అని అడిగితే, "అదొక్కటి మాత్రం నేను కాదండి" అనేవాడు. ఆ ముక్క వెయ్‌నో పొట్టలోకి పోయేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా నాన్న ఐనో లాహ్తి నాకు గాలం వేయడం నేర్పిన రోజుల్లో తూర్పు ఒడ్డంతా నీటిమొక్కలే, తెడ్డు వేస్తే చుట్టుకునేవి, తిట్టుకునేవాళ్లం. ఆ మొక్కల్లో దాక్కునే చేపపిల్లలు పెద్దవవుతాయని తిట్టేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది? ఒక ఏడు చూస్తే మొక్కలు పలచబడ్డాయి, ఆ తర్వాత కొన్నాళ్లకు అడుగున ఇసుకా రాళ్లూ తప్ప ఏమీ లేవు. తుప్పు రొయ్య వచ్చింది. పేరుకు రొయ్యే గానీ పీతకున్నట్టు కొండీలు, ఒంటికి రెండు పక్కలా తుప్పుమరక. ఎక్కడో దక్షిణాది నదుల్లో పుట్టి, గాలానికి ఎరగా బకెట్లెక్కి మన ఊరొచ్చింది. మొక్కల్ని మొదలంటా కత్తిరించింది, చేపల గుడ్లు తినేసింది, ఈతకు దిగిన పిల్లల కాలివేళ్లు పట్టుకుంది. మనం విందుకు వేపుకునే వాలై చేపలు కనపడ్డం మానేశాయి. మిర్నా, శుక్రవారం విందుకు చేపను లారీలో తెప్పించుకున్న ఆ వేసవి నీకు గుర్తుందా? గుర్తుంటుంది. సరస్సు ఒడ్డున పుట్టి, లారీ చేప తిన్నాం. ఆ రాత్రి ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు.

పుస్తకంలో అప్పటికే ఒక వాక్యం ఉంది. "మిగిలిన ఎరను నీటిలో వదలరాదు." రేవులో బోర్డు మీద కూడా అదే రాసి ఉంది. మేమంతా చదివాం, సబబేననుకున్నాం, మిల్వాకీ నగరం నుంచి పడవలు లాక్కొచ్చే టూరిస్టులకు మేమే వేలు పెట్టి చూపించి మరీ చదివి వినిపించేవాళ్లం. అలా చదివి వినిపించి, సాయంత్రం కాగానే మా బకెట్లు సరస్సులో ఒంపేవాళ్లం.

ఒకనాటి సాయంత్రం రోలండ్ ఆ బోర్డు పక్కనే నిలబడి ఉండగా మా వెయ్‌నో వచ్చి, ఆయన్ని కుశలమడిగి, టోపీ తీసి, బకెట్ నీళ్లలోకి ఒంపాడు. రోలండ్ అప్పటికే పెన్ను తీశాడు.

"అదేమిటండీ, ఏం చేశారు?"

"ఏం చేశాను?"

"ఎర వదిలారు కదా."

"నేనెందుకు వదుల్తానండీ? పైన అంతలేసి అక్షరాలతో బోర్డుంటే!"

"మరి ఇప్పుడు ఒంపిందేమిటి?"

"ఓ, అదా? అది సరస్సు వాటా."

(నవ్వులు. వెనక నుంచి వెయ్‌నో: "నిజమే కదా అక్కా, వదలడం వేరు!") కూర్చోవయ్యా. ("కుర్చీ లేదే!") అయితే నిలబడే నోరు మూసుకో.

కానీ వాడు అన్నది నిజం. ఈ సరస్సు ఒడ్డున పుట్టినవాళ్లకు వదలడమంటే అక్కర్లేనిదాన్ని పారేసి పోవడం, అది టూరిస్టుల పని. పొద్దు వాలేవేళ బకెట్‌లో కాస్త మిగిల్చి, టోపీ తీసి, సరస్సుకు ఇచ్చి రావడం వాటా. మా నాన్న ఎంత తక్కువ చేప దొరికిన రోజైనా వాటా ఇవ్వకుండా ఇల్లు చేరలేదు. బోర్డు మీది మాట మా గురించని మాకు కలలో కూడా తట్టలేదు. రోలండ్ కాసేపు వెయ్‌నో వంక చూసి, పెన్ను జేబులో పెట్టుకుని, జరిమానా రాయకుండానే వెళ్లిపోయాడు. మా వాడు తాను గెలిచానని ఊరంతా చాటుకున్నాడు.

ఆ చలికాలమే ఇక్కడ బహిరంగ విచారణ పెట్టారు. కొత్త ముసాయిదా వచ్చింది. ఎర రొయ్యల్ని బతికుండగా అమ్మకూడదు, కొనకూడదు, బకెట్‌లో ఏది మిగిలినా, ఏ పేరుతోనైనా సరే, నీళ్లలో ఒంపితే జరిమానా. అప్పుడు నేను మైకు లాక్కున్నాను. "నా దుకాణం పోతే పోనీ, ఎర కాకపోతే కాఫీ అమ్ముకుంటాను. మా నాన్న ఇవాళ బతికుంటే ఆయన్ని రేవులో దొంగలా నిలబెట్టి జరిమానా రాస్తావా? ఈ సరస్సుకు పెట్టకుండా ఆయన ఏనాడూ తినలేదు. నీ పుస్తకంలో ఆయన నేరస్తుడా? చెప్పవయ్యా!" మిగతాది బెర్నీస్ ముందు చెప్పలేను. (నవ్వులు)

ఆ రోజు నేనెందుకంత అరిచానో ఇవాళ చెబుతాను. మా నాన్న ఇచ్చిన వాటాల్లోంచి కూడా ఆ రొయ్యలు వచ్చి ఉండొచ్చని నాకు లోపల తెలుసు. ఆ రూలు ఒప్పుకుంటే మా నాన్న ఈ సరస్సును చంపినవాడవుతాడు, ఒప్పుకోకపోతే సరస్సు చచ్చిపోతుంది. రెంటిలో ఏది పోయినా నాకు బతుకులో మిగిలేదేమీ లేదు. అందుకే అరిచాను.

రోలండ్ నన్ను ఆపలేదు. నేను ఊపిరి పీల్చుకునేదాకా ఆగి, మెల్లగా అడిగాడు. "ఇర్మాగారూ, బకెట్ ఒంపేటప్పుడు మీ నాన్నగారు ఏమనేవారు?"

"'ఇదిగో, నీ వాటా' అనేవాడు" అన్నాను.

"ఆ బకెట్‌లో ఉన్నది సరస్సును తినేస్తుందని ఆయనకు తెలిసే దారి లేదండి. ఒకవేళ తెలిసుంటే ఆయన ఏం చేసేవారు?"

"ఏం చేస్తాడు? బకెట్ పట్టుకుని పెరట్లోకి నడిచేవాడు. అంత మాత్రం తెలీదా నీకు, చదువుకున్నవాడివి!" అన్నాను, తిట్టడం ఆపకుండానే. (నవ్వులు, చప్పట్లు)

అంతే. అక్కడికక్కడే ముసాయిదా మీద అడ్డంగా గీత కొట్టి ఏదో రాసుకున్నాడు. మంచు కరిగాక పుస్తకాల కట్ట వచ్చింది. తెరిచి చూస్తే, మొదటి పేజీలో, "సరస్సు వాటాను నేలమీద ఇవ్వాలి. నీటికి దూరంగా, మట్టిలో." రాజధానిలో న్యాయ విభాగంవాళ్లు వాటా అంటే ఏమిటి, దానికి నిర్వచనం ఎక్కడుందని అడ్డుపడ్డారట. "టామరాక్ సరస్సు ఒడ్డున ఎవరినడిగినా చెబుతారు" అని ఈయన కదలకుండా కూర్చున్నాడట. అవునా కాదా పెద్దలారా? (వేదిక మీద నవ్వులు) తల ఊపుతున్నారు, చూడండి.

పర్మిట్ల సంగతి కూడా చెప్పాలి. అంతకుముందు రొయ్యల బోను వేయాలంటే ప్రత్యేకంగా పర్మిట్ కావాలి, అది చేతికొచ్చేసరికి వేసవి అయిపోయేది. పర్మిట్లు రాసే మనిషి తన చేత్తో తనే ఒక పర్మిట్ కొట్టేయడం నేను అప్పుడే చూశాను. మామూలు లైసెన్సు ఉన్నవాళ్లెవరైనా తుప్పు రొయ్యకు బోను వేయొచ్చు, ఎన్నైనా పట్టొచ్చు, ఒక్కటి కూడా ప్రాణాలతో ఒడ్డు దాటకూడదు. అంతే రూలు. ఎర రొయ్యలమ్మిన నా దుకాణంలోనే ఇప్పుడు బోనులు వేలాడుతున్నాయి. రేవు పక్కన పెద్ద కుండ పెట్టి, పట్టిన రొయ్యలతో పాటు బంగాళాదుంపలూ మొక్కజొన్న పొత్తులూ వేసి ఊరంతా కలిసి వండుకుంటాం. దాని రుచి ఎలా ఉంటుందో పాపం రోలండ్‌కు ఇప్పటికీ తెలీదు.

రొయ్యలు పూర్తిగా పోలేదు. పోవని కూడా ఈయనే చెబుతాడు, అబద్ధపు ఆశ పెట్టే మనిషి కాదు. కానీ పోయిన వేసవిలో తూర్పు ఒడ్డున పడవ వేసుకెళుతుంటే నా తెడ్డుకు ఏదో చుట్టుకుంది. అలవాటు కొద్దీ ఒక పచ్చి తిట్టు తిట్టాను. తిట్టాక చూశాను. మొక్క. తెడ్డు ఒళ్లో పెట్టుకుని, ఆ మొక్క విడదీయకుండా, ముసల్దాన్ని చిన్నపిల్లలా ఏడ్చాను.

ఈమధ్య పక్క జిల్లాకు వెళ్లాను. అక్కడి రేవులో బోర్డు మీద కూడా ఇదే వాక్యం. మా నాన్న ముఖం ఎరగని కుర్రాడొకడు బకెట్ పట్టుకుని నీళ్లకు వీపు తిప్పి నడుస్తూ, "సరస్సు వాటా ఇచ్చొస్తా ఉండండి" అంటున్నాడు. ఎంత గర్వపడ్డానంటే, ఆ ఊళ్లో కనపడ్డ ప్రతివాణ్నీ ఆపి ఆ మాట మాదని చెప్పాను. నేరమైపోవాల్సిన మా నాన్న మాటను నువ్వు రూలు చేశావు రోలండ్. ఆయన్ని తలెత్తుకునేలా నిలబెట్టి, సరస్సును కూడా నిలబెట్టావు. నీలాంటివాడు మా ప్రాంతానికి పని చేశాడని చెప్పుకోవడం మాకు గొప్ప.

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీకూ, వాచీ చూసుకోవడం మానేసిన మిర్నాకూ, ఈ మొండివాణ్ని ఇన్నేళ్లు భరించిన బెర్నీస్‌కూ కృతజ్ఞతలు. ఇక ఒక్క పని మిగిలింది. మా దుకాణం వెనక రూబార్బ్ మడి మీకందరికీ తెలుసు. రేవులో గాలం వేసే ప్రతివాడూ సాయంత్రం బకెట్ అందులోనే ఒంపుతాడు. ఆ కాడలు ఈ ఏడు నా నడుం దాకా పెరిగాయి. వెయ్‌నో, ఆ బీరు కింద పెట్టి, ఆ కాడలతో చేసిన రూబార్బ్ పై ఉన్న పళ్లెం ఇలా పట్టుకురా. దారిలో తినకు.

రోలండ్, మధ్యాహ్నమే బ్యాడ్జీ బల్లమీద పెట్టేశావని బెర్నీస్ చెప్పింది. పర్మిట్లు ఇక నీ చేతిలో లేవు. పెద్దలారా, మీకేమైనా అభ్యంతరమా? (నవ్వులు, చప్పట్లు) లేదంటున్నారు. మిత్రులారా, నా మాటలైపోయాయి, నాకు సెలవిప్పించండి. లేవయ్యా రోలండ్, చేయి చాపు.

ఇదిగో, నీ వాటా.