మారాకు చూసిన నాయిన

"మోతీనగర్ల మా పక్కింటి హైమక్క మా ఆమెతోని అన్నదట సార్, 'పాట మీ ఆయనే రాసిండంటవు, మరి తెరమీద పేరు వేరేటోళ్లది పడ్డదేంది' అని."

అన్నవాడు, ఫిల్మ్‌నగర్‌లో పేరుమోసిన పాటల రచయితకు ఆరేళ్లుగా చాటున పాటలు రాసిపెడుతున్న శిష్యుడు. ఆ రచయిత టీవీ ఇంటర్వ్యూకి బయలుదేరుతూ మెట్ల మీద కారు కోసం చూస్తున్నాడు.

"వచ్చే సినిమాకి నీ పేరూ వేయిద్దాంలేవయ్యా."

"పోయిన సినిమాకు గూడ గిదే అన్నరు."

"అన్నాను, కాదన్నానా? ఇంతకీ పల్లవిలో మారాకు అని రాశావే, అదేంటి? వాళ్లు అడుగుతారు."

"మారు అంటే మళ్ల. మొలకకు ముందొచ్చే రెండాకులు గింజల ఉన్న బలంతోనే వస్తయి సార్. వేరు మట్టిని పట్టినంకనే మారాకు తొడుగుతది. పత్తిగింజలు పెట్టినంక మా నాయిన రోజూ చేన్ల వంగి చూసేటోడు. మారాకు కనబడ్డనాడే ఇంటికొచ్చి కడుపునిండ తినేటోడు."

"అబ్బ, భలే ఉందయ్యా! మా నాన్న అలా చూసేవాడని చెబుతా."

"మీ నాయిన తాసిల్దారు కద సార్."

"ఎవరికి తెలుసు? రైతు నాన్నయితే జనం కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నీకేం పోయింది?"

"పాటలన్నీ ఇచ్చిన సార్. మా నాయినను మాత్రం ఇయ్య."