వేషెన్‌కి ఏ గ్లాసు

గ్రీన్‌వుడ్ పార్క్, 1996. డాక్టర్ వసంత వంటగదిలో పక్కింటి పుష్పం, తన రెండేళ్ల మనవడు వేషెన్‌ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. కప్పు సంగతి అడిగేసి పోదామనే వచ్చింది పాపం, తననే ఎదురు ప్రశ్నలు అడుగుతారని అనుకోలేదు.

"ప్లాస్టిక్ మట్టుకు వద్దు డాక్టరమ్మా. పగలు పిల్లల్ని సూసుకునే ఆ హేజెల్ క్రెష్‌లో కప్పుల వల్లనే కదా వీడికి వాంతులు. గాజుదా, స్టీలుదా, ఏటి కొనమంటావు?"

"స్టీలుది కొనండి మామ్మగారూ. రంగు పూత లేనిది, అంచు నున్నగా ఉన్నది. క్రెష్ మాన్పించి ఎన్నాళ్లయింది?"

"పది దినాలు."

"వాంతులు తగ్గాయా?"

"తగ్గుతాయిలే."

"తగ్గాయా అని అడుగుతున్నాను."

"నిన్న రెండు మార్లు అయినాది."

"మరి ఇంట్లో దేంట్లో తాగుతున్నాడు?"

"మా అమ్మమ్మ మన దేశం నుంచి ఓడలో తెచ్చుకున్న ఇత్తడి గ్లాసులో. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చెరకు తోట కూలీల బారక్సులో మేమందరం దాంట్లోనే తాగి పెరిగినాం, మాకేటయినాది? బీరువా మీద పడి ఉంటే వీడి కోసమని దింపినాను."

"ఏం పోస్తారు అందులో?"

"నారింజ రసం. పొద్దున పిండి ఉంచితే సాయంత్రం దాకా తాగతాడు."

"లోపల కళాయి ఉందా?"

"అంటే ఏటది?"

"తగరం పూత. ఇత్తడి గిన్నెలకి లోపల తెల్లగా వేస్తారు, పులుపు పోస్తే చిలుము పుట్టకుండా."

"తెల్లగానా?"

"అవును."

"అది మురికి కాదా?"

"ఏం చేశారు మామ్మగారూ?"

"మా అమ్మ పోయి నలభై ఏళ్లు. కళాయి అంటే నాకెవరు సెప్తారమ్మా? లోపల తెల్లతెల్లగా, మాసినట్టు ఉంటే, చింతపండు, బూడిద, ఇసక పెట్టి వారం దినాలు తోమినాను. బంగారం లాగ వచ్చినాది. వీధిలో అందరికీ సూపించినాను."

"ఇక దాంట్లో వాడికి మంచినీళ్లు కూడా పొయ్యకండి. వాడిని ఇటివ్వండి, పొట్ట చూస్తాను."

"నా చేత్తో నేనే పోసినానా వాడికి?"

"తెలియక పోశారు. అది మానేస్తే వాడికి తగ్గిపోతుంది. కానీ హేజెల్‌కి చెప్పాలి. పిల్లలు లేక క్రెష్ మూసేసేలా ఉందట."

"కప్పులు మార్చుకుంటాదిలే."

"కప్పుల కోసమే నలుగురు తల్లులు మాన్పిస్తారా?"

"సిగ్గుగా ఉంది అమ్మీ, అడక్కు."

"మామ్మగారూ."

"నీకు సదువుంది కదా, అందుకని నీతో ప్లాస్టిక్ అన్నాను. గుడి కాడ ఆడవాళ్లతో వేరేగా అన్నాను."

"ఏమని?"

"క్రెష్‌లో వంట సేసే బెరిల్ లేదూ, జూలూ మనిషి. నల్లోళ్లకీ ఓట్లు వచ్చినాక దాని కూతుర్ని కూడా హేజెల్ సేర్చుకున్నాది. పిల్లలందరికీ అవే కప్పులు. ఆ పిల్ల ఎంగిలి తాగే మావోడికి వాంతులు, అని అన్నాను. అలా సూడకు తల్లీ."

"చూడటం లేదు. చెప్పండి."

"ఇంకేటుంది? అందరూ మానేస్తుంటే హేజెల్ భయపడి ఆ పిల్లని రావొద్దన్నాది. బెరిల్ కూడా పని మానుకుని పోయినాది. తప్పంతా నాదే, ఏ మొహం పెట్టుకుని ఎళ్లను? అయినా ఎళ్తాను. ఇప్పుడే ఎళ్లి ఇద్దరికీ సెప్తాను. నువ్వు తోడు వస్తావా?"

"నేను రాలేను."

"ఒక్కసారి. డాక్టరువి, నీ మాటకి ఇలువ ఉంటాది."

"ఉండదు మామ్మగారూ. ఆ నలుగురు తల్లుల్లో నేనూ ఒకదాన్ని. మా అమ్మాయి కావ్యశ్రీని మాన్పించిన రోజు, ఆ కప్పు దేంతో చేశారని నేను హేజెల్‌ని అడగలేదు. అందులో ముందు ఎవరు తాగారని అడిగాను."