రాక్షసుడు తెచ్చిచ్చిన చెప్పు

కుట్టుమిషన్ ముందు అక్క. ఎదురుగా స్టూలెక్కి, తోక ఉన్న ఆకుపచ్చ రాక్షసుడి వేషంలో తమ్ముడు.

“కదలకురా! సూది గుచ్చుకుంటుంది.”

“తోక గట్టిగా కుట్టక్కా. పోయినేడు మా అధ్యక్షుడి తోక స్టేజీ మీదే ఊడింది. పరువు పోయింది.”

“తోక తగిలించుకున్నాక ఇంకా పరువెక్కడిదిరా? ఇద్దరు పిల్లల తండ్రివి!”

“నవ్వకు. ఇవాళ అభిమాన సంఘం మహాసభ. రీళ్ళన్నీ కాలిపోయాయనుకున్నామా, ఏదో గోడౌన్లో ఒక్క ప్రింటు దొరికింది. ఇన్నేళ్ళకి మళ్ళీ మా రాక్షసుడి బొమ్మ పడుతోంది! దానికి ముందు నా ఉపన్యాసం. ఈ సినిమా మీద నాకు మొదట ప్రేమ ఎలా పుట్టిందో చెప్పాలి. జనం కదిలిపోయారా, వచ్చే అధ్యక్షుణ్ణి నేనే.”

“ఏదీ, చెప్పు వింటా.”

“‘అప్పుడు నాకు ఆరేళ్ళు. రాక్షసుడు సముద్రంలోంచి లేచాడు. హాలంతా కెవ్వుమంది. నేను మాత్రం రెప్ప వెయ్యలేదు...’”

“మూసుకున్న కళ్ళకి మళ్ళీ రెప్పలెక్కడ వేస్తావులే!”

“అక్కా!”

“కుర్చీ కింద దూరావు. లాగు తడిపావు. నా గౌను పట్టుకుని...”

“అవన్నీ ఇప్పుడెందుకు? అసలైంది ఆఖరి సీన్. అందరూ ఏడ్చేది అక్కడే. ఓ పిల్లాడి చెప్పు నీళ్ళలో పోతుంది. రాక్షసుడు దాన్ని వెతికి తెచ్చి, ఒడ్డున పెట్టి, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ సముద్రంలోకి...”

“ఏ చెప్పు?”

“ఎడమ కాలిది. నీలం పట్టీ. మా సంఘం గుర్తే అది కదా! ఇదిగో, జేబు మీద నువ్వే కుట్టావు.”

“కుట్టమన్నావు, కుట్టాను. ఒరేయ్... ఆ సీన్ నువ్వు చూశావా?”

“చూడకపోవడమేంటి? అంటే... నువ్వు చెప్పావుగా. ఇంటికొచ్చే దారిలో.”

“నీ ఎడమ చెప్పు హాల్లో పోయిందిరా! నాన్న తంతాడని దారంతా ఒకటే ఏడుపు. నిన్ను ఊరుకోబెట్టడానికి నోటికొచ్చింది చెప్పా. సినిమాలో ఫిరంగులు పేల్చారు, రాక్షసుడు చచ్చాడు, లైట్లు వేశారు. అంతే.”

“అంతేనా?”

“అంతే.”

“అబద్ధం! మా కోశాధికారి ఆ సీన్ కోసమే మళ్ళీ మళ్ళీ చూశాడు! ఆ చెప్పు చూశాకే అధ్యక్షుడికి పెళ్ళి చేసుకోవాలనిపించిందట!”

“వాళ్ళకా సీన్ ఎవరు చెప్పారు?”

“మొదట్లో... నేనే.”

“బాగుంది సంబడం.”

“బొమ్మ పడితే నా బతుకేం కాను? ఎవరి ముందైనా తలెత్తుకోగలనా? ఆ ఫోనిలా ఇవ్వు. అధ్యక్షుడికి ముందే చెప్పేస్తా.”

“స్పీకర్ పెట్టు, నేనూ వింటా.”

“హలో, అన్నగారూ... ఆ ఆఖరి సీన్ గురించి...”

“నీకూ తెలిసిపోయిందా తమ్ముడూ? పొద్దున ప్రింటు వేసి చూశాం. ఆ సీన్ లేదు!”

“అదే అన్నగారూ, నిజానికి నేను...”

“ఏడవకు. ఎవడో ద్రోహి కత్తిరించేశాడు! సభ రద్దు. హాలు ముందు ధర్నా. ముందు వరసలో నువ్వే.”

“అది కాదండీ, అసలా సీన్...”

“భయపడకు, మనకి సాక్ష్యం ఉంది. రాక్షసుడి వేషం కట్టిన పెద్దాయనే వచ్చి కూర్చున్నాడు. చెప్పు ఒడ్డున పెట్టేటప్పుడు ఆ ముసుగులో నిజంగానే ఏడ్చాడట!”