పెగ్లరమ్మ ఇంటి పడమటి గోడ

నా పేరు సిరిల్ ట్రిండర్. వయసు యాభై ఎనిమిది. రాతిగోడలు కట్టడం, బాగుచేయడం నా వృత్తి. నివాసం గ్లాస్టర్‌షైర్‌లోని నెదర్ ఆష్‌కోట్. నన్నెవరూ పిలవలేదు, నా అంతట నేనే పోలీసు స్టేషనుకి వచ్చాను.

1977 అక్టోబరు మూడో వారంలో డోర్కస్ పెగ్లర్ గారు నన్ను పనికి పిలిచారు. ఆవిడకి ఇప్పుడు ఎనభై మూడు, ఒంటరి మనిషి. ఇల్లు మూడొందల ఏళ్లనాటిది. పడమటి గోడ రాళ్ల సందుల్లో సున్నం రాలిపోయి చలిగాలి కొడుతోందన్నారు. ఆ సందులు మళ్లీ సున్నంతోనే పూడ్చాలి. గోడ తాగిన వాననీళ్లు సున్నంలోంచి ఆరిపోతాయి. సిమెంటు పెడితే లోపలే ఉండిపోయి, చలికి గడ్డకట్టి రాళ్లని కదిలిస్తాయి. నా పదో ఏటే మా నాన్న చెప్పాడు. తెలీక కాదు సార్జంటు గారూ, తెలుసు. సున్నమైతే తడిగోనెలు కప్పి వారం రోజులు కనిపెట్టుకుని ఉండాలి. నాకు అవతల ఇంకో పని ఉంది. సిమెంటు పెట్టి రెండు రోజుల్లో ముగించేశాను.

"ఇదేంటి సిరిల్, బూడిదరంగులో ఉందీ?" అన్నారావిడ.

"కొత్తరకం పెగ్లరమ్మా. మనిద్దరం పోయినా ఇది పోదు," అన్నాను.

కిందటి నవంబరులో గోడ ఉబ్బిందని చూపించారు. చెయ్యి పెట్టి చూశాను. చెమ్మగా ఉంది. లోపల నీళ్లు నిలిచాయని అప్పుడే అర్థమైంది నాకు. "పాత ఇల్లు కదా, నాలాగే బొజ్జొచ్చింది," అన్నాను. ఆవిడ నవ్వి టీ ఇచ్చారు. తాగాను. ఛీ, ఎలా తాగానో!

ఈ నెల 20న, మంగళవారం, మంచు కరుగుతుండగా ఉదయం పది నలభైకి ఆ గోడ పెరట్లోకి కూలింది. ఆవిడ అక్కడే కోళ్లకి గింజలు వేస్తున్నారు. రాళ్లు తీసినవాళ్లలో నేనూ ఉన్నాను. సిమెంటు పలకలు పలకలుగా ఊడొచ్చింది, దాని మీద నా తాపీ గీతలు అలాగే ఉన్నాయి. ఆసుపత్రిలో ఆవిడ కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

నిన్న మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. నేను నోరు తెరిచేలోగా ఆవిడే నా చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వేం బాధపడకు నాయనా. ఇల్లు ముసలిదైపోయింది. పోలీసులకీ అదే చెప్పాను. నువ్వెంత శ్రద్ధగా చేశావో కూడా చెప్పాను."

దొంగలా వచ్చేశాను.

ఇల్లు ముసలిదవలేదు. మిగతా మూడు గోడలూ చూడండి, నిక్షేపంగా ఉన్నాయి. తప్పు నాది. ఈ మాట ఆవిడకి చెప్పాలి. మీరెవరైనా నాతో ఆసుపత్రికి రండి. ఒక్కణ్ణే వెళ్తే మళ్లీ చెప్పకుండానే వచ్చేస్తాను.

పైన రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. ఎవరి బలవంతమూ లేదు.

(సంతకం) సిరిల్ ట్రిండర్
24 ఫిబ్రవరి 1979, ఉదయం 9.15