మూడు పౌండ్ల ట్రిగ్గర్

మొంటానాలో మంచు కరిగి బురద తేలిన రోజులు. తుపాకులు బాగుచేసే వెర్నా షెడ్డు. ఆమె తమ్ముడు గార్త్ వేటలో పోయి ఒక చలికాలం గడిచింది. అతన్ని పొట్టన పెట్టుకున్న తుపాకీని దాని సొంతదారే, అంటే గార్త్ భార్య డార్లాకి అన్న అయిన హోలిస్, ఇవాళ మోసుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. మాట అప్పటికే ముదిరింది.

"నువ్వు బిగించిన ట్రిగ్గర్ పీకేసి, కొన్నప్పుడు దాంతో వచ్చిన పాతది పెట్టమన్నా. అడిగింది అంతే. నువ్వేమో దాన్ని పడుకోబెట్టి శవపరీక్ష చేస్తున్నావు."

"పీకే ముందు చూడాలిగా హోలిస్."

"ఏం చూస్తావు? బోల్టు మూశాను, దానంతటదే పేలింది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఇంకోసారి చెప్పు."

"వెర్నా..."

"చెప్పరా. చలికాలమంతా ఊరు ఊరంతా నా వెనకాల చెప్పుకుంది. నా మొహం మీద నువ్వొక్కసారి చెప్పు."

"పొద్దున్నే వాగులోకి దిగాం. గార్త్ ముందు, నేను వెనక. అటుపక్క గట్టు మీద దుప్పి కనబడింది. గుండు ఎక్కించి బోల్టు మూశా. నా వేలు ట్రిగ్గర్ దగ్గర కూడా లేదు. ఢామ్మంది. వీపులోంచి దూరి..."

"ఆగావేం?"

"రొమ్ములోంచి బయటికొచ్చింది. మంచులో బోర్లా పడ్డాడు. వెల్లకిలా తిప్పితే లోపలున్నదంతా నా చేతుల్లోకి వచ్చింది. చాలా? ఇంకా కావాలా?"

"కావాలి. ఆ ట్రిగ్గర్ బిగించింది నేను. స్క్రూలు తిప్పి సర్దింది నేను. నువ్వు చెప్పేదే నిజమైతే నా తమ్ముణ్ణి చంపింది ఈ రెండు చేతులే."

"నిన్నెవరేమన్నారు? నేనేమన్నా అన్నానా? ఏదో చెయ్యి తప్పింది, పోనీలే."

"పోనీలేనా! నా గడప తొక్కిన వేటగాడు లేడు. చర్చిలో నా పక్కన కూర్చునే మనిషి లేడు. వాడి సమాధి దగ్గరికి ఎవరూ లేనప్పుడు చూసి దొంగలా పోయొస్తున్నా. పోనీలే అంట! కాస్త అటు జరుగు, వెలుతురుకి అడ్డమొస్తున్నావు."

"చూడొద్దంటున్నా. పాతది బిగించు. ఈ దిక్కుమాలినదాన్ని ఏట్లో పారేస్తా."

"అంత తొందరేంటి? ఇప్పుడు దుప్పుల వేట కూడా లేదే."

"తొందరేం లేదు."

"లేదా? మరి కొత్త షెరీఫ్ నీకూ ఫోన్ చేశాడా?"

"ఆ? ఎందుకు చేస్తాడు?"

"నాకు చేశాడు, పొద్దున. పాతాయన కేసుని చూసీ చూడనట్టు వదిలేశాడంట, ఈయన మళ్ళీ తవ్వుతాడంట. తుపాకీని రాష్ట్రం ల్యాబుకి పంపాలి, మనిషిని హోలిస్ ఇంటికి పంపిస్తున్నా అన్నాడు. నువ్వేమో దాన్ని పట్టుకుని మా ఇంటికొచ్చావు."

"నీ మంచికే వచ్చా వెర్నా. ల్యాబువాళ్ళు నీ తప్పని రాస్తే నిన్ను జైల్లో వేస్తారు. పాతది బిగించి ఉంటే ఎవరికీ ఏమీ అంతుపట్టదు."

"అబ్బో, నా మీద ఎంత ప్రేమ! ఆ కాఫీ తాగి కూర్చో. లోపల గుండ్లు లేవుగా? లేవు. ఇదిగో, బోల్టు ఎత్తా. మూశా."

"వెర్నా, నా మాట విను."

"ఏదీ, గుండుని పేల్చే పిన్ను పడలేదే? ఈసారి విసురుగా మూస్తా. ఊహూ. ఇంకా విసురుగా. ఊహూ. ఆ రబ్బరు సుత్తి ఇటివ్వు."

"అప్పుడు చలి. లోపల నూనె గడ్డకట్టి ఉంటుంది."

"బిగించిన రోజే దీన్ని మాంసం పెట్టుకునే ఫ్రీజర్లో రాత్రంతా ఉంచి చూశా. నా చేతి కిందికి వచ్చిన ప్రతి తుపాకీ అందులో పడుకుని లేవాల్సిందే. సుత్తి ఇవ్వవా? నేనే తీసుకుంటా. తుపాకీ మడమ మీద ఒకటి. పక్కనొకటి. పైనొకటి. కదిలిందా? లేదు."

"చాలు, ఇంక ఆపు."

"అప్పుడే ఏమైంది? చెక్క ఊడదీస్తున్నా. ఇదిగో, ఈ స్క్రూలు చూడు. సర్దడం అయ్యాక తలల మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెడతా, ఎవడైనా తిప్పితే పగలాలని. చెక్కు చెదరలేదు. ఎలా పంపానో అలాగే ఉంది. ఇప్పుడు ట్రిగ్గర్‌కి స్ప్రింగు కాటా తగిలించి, ఎన్ని పౌండ్ల బరువుతో లాగితే పడుద్దో చూస్తా. ఒకటి... రెండు... ఇంకా పడలేదు... మూడు. పడింది."

"మూడా? నాకు రెండు పౌండ్లని చెప్పావు!"

"అందరికీ అదే చెప్తా. వచ్చిన ప్రతి మగాడూ రెండుకి దించు వెర్నా, ఊదితే పేలాలి అంటాడు. సరేనని మూడు పెట్టి, రెండని చేతికిస్తా. ఆహా, వెన్నలా ఉందని మురిసిపోతారు. ఇన్నేళ్ళలో తేడా పట్టుకున్న మొనగాడు ఒక్కడు లేడు."

"రెండన్నావు నువ్వు. రెండన్నావే!"

"మూడైతే నీకేం నష్టం? అలా పాలిపోయావేం? ఆ మూడు నిజంగా మూడేనా, కళ్ళు మసకబారి చెయ్యి తప్పానా అని చలికాలమంతా కంటి మీద కునుకు లేదురా నాకు. తప్పలేదు. వేలేసి గట్టిగా లాగితే తప్ప ఇది పేలదు. నువ్వు లాగావు."

"తుపాకీ ఇటివ్వు."

"వాడి వీపు చూసి లాగావు."

"ఇటివ్వమన్నానా లేదా!"

"వదులు... వదలరా... గొంతు..."

"ఇస్తావా, ఇక్కడే నలిపెయ్యనా? నీకూ వాడి గతే పట్టిస్తా, ఇ... అమ్మా! నా మోకాలు! సుత్తితో కొడతావే, ముసలి దెయ్యమా!"

"రెండోది కణత మీద పడుద్ది. లేవకు. అక్కడే, నేల మీదే కూర్చో. ఎందుకు చంపావు?"

"కాలు విరిగింది."

"విరిగితే ఆ అరుపు వేరేగా ఉంటది. ఎందుకు చంపావు నా తమ్ముణ్ణి?"

"నీకు తెలీదా?"

"తెలీదు."

"డార్లా ఎడమ చెయ్యి ఎప్పుడైనా చూశావా?"

"పొయ్యి మీద తూలి పడ్డానని చెప్పింది..."

"నాకూ అదే చెప్పింది. తూలి పడేదైతే అయిదు వేళ్ళూ చాపుకుని పడుతుందా? మణికట్టు పట్టుకుని అదిమి పెట్టాడు వాడు, మండుతున్న ఇనప పొయ్యి మీద. చర్మం ఇనుముకి అంటుకునేదాకా. నాకెవరు చెప్పారనుకున్నావు? వాడే. ఆ పొద్దున, గుడారంలో పందిమాంసం వేయించుకుంటూ. కుక్కకి బుద్ధి నేర్పిన ముచ్చట చెప్పినట్టు చెప్పాడు. నవ్వుతున్నాడు వెర్నా. నవ్వుతున్నాడు."

"ఆపు."

"ఇందాక ఆగావేం అన్నావుగా? ఇప్పుడు ఆపమంటావేం? పళ్ళు రాలగొట్టినప్పుడు నా చెల్లెలు పిల్లల్ని చంకనేసుకుని నీ దగ్గరికే వచ్చింది. ఏం చేశావు? నీ బండెక్కించుకుని తీసుకెళ్ళి మళ్ళీ వాడి గుమ్మంలోనే దింపొచ్చావు."

"వాడు ఏడ్చాడు. ఇంకెప్పుడూ చెయ్యెత్తనని ఒట్టేశాడు."

"నీకెన్నిసార్లు ఒట్టేశాడు?"

"నాకెందుకేస్తాడు?"

"నీ కుడి చెవి ఎందుకు వినబడదు?"

"గుర్రం తన్నింది."

"మీ ఇంట్లో గుర్రం ఎప్పుడుంది?"

"నోర్ముయ్."

"ఏ రంగు గుర్రం వెర్నా? పేరేంటి దాని పేరు?"

"వాడు నా తమ్ముడు! అమ్మ పోయాక ఈ చేత్తో తినిపించి పెంచా వాణ్ణి."

"పెంచావు. బాగానే పెంచావు."

"అయితే ఈ ట్రిగ్గర్ పెట్టించుకోడానికి వచ్చినప్పుడే చంపాలని అనుకుని వచ్చావన్నమాట. ఊదితే పేలేలా పెట్టమని అందుకే అడిగావు. రేపు ఏదైనా అయితే నా నెత్తిన పడాలని."

"అవును. ఇంకో దారి తోచలేదు. చట్టం దగ్గరికి పోతే మొగుడూ పెళ్ళాల గొడవంటారు, రెండ్రోజుల్లో ఇంటికి పంపేస్తారు, వచ్చి చంపేస్తాడు. ఆపైన నాకే ధైర్యం చాల్లేదు. దుప్పిని కొట్టుకుని వచ్చేద్దామనే బయల్దేరా, నిజంగా. ఆ పొయ్యి కథ వినేదాకా."

"డార్లాకి తెలుసా?"

"దానికేం తెలీదు."

"హోలిస్, సుత్తి ఇంకా నా చేతిలోనే ఉంది."

"తెలీదన్నాగా! బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి, ఆ కట్టు కట్టిన చేత్తో నా కోటు గుండీలు పెట్టింది. అన్నయ్యా, ఒక్కడివే తిరిగి రా అంది. అంతే. ఇంకేమీ అనలేదు."

"ఆ మాట ఇంకెవరి దగ్గరైనా అన్నావా?"

"నీ దగ్గరే."

"ల్యాబులో ఇది మూడని తేలితే నిన్ను పట్టుకుపోతారు. నాలుగు గంటలు కూర్చోబెడితే ఆ మాటా కక్కుతావు. అప్పుడు దాన్నీ పట్టుకుపోతారు. పిల్లలు ఎవరి పాలవుతారో."

"చచ్చినా కక్కను."

"మోకాలి మీద ఒక్కటి పడితేనే ఇంత కక్కావు."

"ఫోను... ఫోను మోగుతోంది. వాడేనా? షెరీఫేనా?"

"వాడే."

"ఎత్తకు. వెర్నా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఎత్తకు. కావాలంటే ఆ సుత్తితో నా బుర్ర పగలగొట్టు. డార్లా పిల్లల్ని తల్చుకో, ఎత్తకు!"

"హలో. ఆ, వెర్నానే... ఇక్కడే ఉన్నాడు, తుపాకీ కూడా ఇక్కడే ఉంది. మీ మనిషిని మా షెడ్డుకి రమ్మనండి... విప్పి చూశా, చూడకుండా ఉంటానా? పోయింది నా తమ్ముడు..."

"వెర్నా, వద్దు..."

"వాణ్ణి చంపిందెవరో తెలిసిపోయింది షెరీఫ్. నేనే. బోల్టు మూస్తే చాలు, పిన్ను పడిపోతోంది. నా చేతి తప్పే. హోలిస్ మొదట్నుంచీ నిజమే చెప్పాడు... అలాగే, ల్యాబులో కూడా చూసుకోండి, అక్కడా పడుద్ది... ఎక్కడికీ పోను, ఇక్కడే ఉంటా."

"అదేంటి? పడట్లేదుగా! సుత్తితో అంత కొట్టినా పడలేదు, నువ్వే చూశావు!"

"నోరు మూసుకుని ఆ చిన్న స్క్రూడ్రైవర్ ఇటు అందించు. వాళ్ళు వచ్చేలోపు పడాలి."