మోకాళ్ల దగ్గర జేబు

వయసు డెబ్భై రెండు. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ప్రస్తుతం కోడలు నడిపే కుట్టు షాపులో బట్ట కత్తిరించడం నా పని. పోటీ చట్టం కింద విచారణ చేస్తున్న అధికారి ఎదుట, నా ఇష్టంతో చెబుతున్నాను.

మేము వంటింటి ఏప్రన్లు కుట్టి ఒక ఆన్‌లైన్ అంగడిలో అమ్ముతాం. దాని పేరు నేనిచ్చిన ఫిర్యాదులో ఉంది. నా నోటితో పలకను. జనవరి 12న నాణ్యత పరీక్షకంటూ వాళ్లు కొలతల పట్టిక అడిగారు. మధ్యాహ్నం రెండింటికి నేనే పంపాను. ఏప్రన్ పై అంచు నుంచి పద్నాలుగు అంగుళాల కిందికి జేబు ఉండాలి. ఇరవై నాలుగని రాశాను. తప్పు నాదే. మేం కుట్టిన వాటిలో జేబు సరిగానే ఉంది. ఆ పట్టిక మేమూ వాళ్లూ తప్ప ఇంకెవరూ చూడలేదు.

మే 3 ఉదయం వాళ్లే సొంతంగా ఏప్రన్ అమ్మకానికి పెట్టారు. మా బట్ట, మా రంగులు. జేబు మోకాళ్ల దగ్గర. కాపీ కొట్టేవాడు పక్కవాడి తప్పునూ వదలడు. అలాంటివాళ్లను చాలామందిని బెంచీ ఎక్కించాను.

మే 9 నుంచి, వెతికితే వాళ్లది మొదట, మాది తొమ్మిదో పేజీలో. రోజుకు నలభై ఆర్డర్లు వచ్చేచోట మూడు. కుట్టే ఆరుగురిలో ఇద్దరు మానేశారు. సంత వాళ్లదే, తూకం వాళ్లదే, ఇప్పుడు పక్క కొట్టూ వాళ్లదే. కంచే చేను మేస్తోంది. అదే రాసుకోండి.

జూన్ 17న పదకొండు ఇరవైకి వాళ్ల మనిషి షాపుకొచ్చి, కత్తిరింపు బల్ల మీద మోచేతులు ఆనించాడు.

"ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అమ్మగారూ. సాయంత్రానికల్లా మొదటి పేజీలో ఉంటారు."

"ఏది ఎక్కడుండాలో కంప్యూటరే చూసుకుంటుంది, మా చేతిలో లేదని ఉత్తరం రాశారుగా బాబూ?"

అతను మంచినీళ్లు అడిగాడు. ఇచ్చాను.

అతను వెళ్లాక కోడలు అంది: "మీకు పంతం అత్తయ్యా. నాకు మిగిలిన నలుగురి పని ముఖ్యం. సంతకం పెట్టేయండి."

"పెడితే రేపు ఇంకో పట్టిక అడుగుతారే."

"అడిగినప్పుడు చూద్దాం లెండి."

తను ఏడ్చింది. తనది తప్పనను. అదీ రాయండి.

ఇప్పుడు తను బయట కూర్చుంది, ఫిర్యాదు వెనక్కి తీసుకునే కాగితం పట్టుకుని. షాపు లైసెన్సు నా పేరున ఉంది కనుక సంతకం నాదే కావాలి. పెట్టను. ఆ మాట తనకింకా చెప్పలేదు. మీకే ముందు చెబుతున్నాను.

రాసినదంతా కళ్లజోడు పెట్టుకుని నేనే చదువుకున్నాను. మాటలు నావి, ప్రతిదీ నిజం.

(సంతకం)