వంటవాడి బరువు

అన్యాయం జరిగింది మా దళం వంటవాడికి. పోయిన ఏడాది మార్చి పదిహేడున, పగలు పదకొండున్నరకి. ముందు ఇది రాసుకోండి గుమాస్తా గారూ, టీ తర్వాత తాగొచ్చు.

ఫైలు మూసేశారని నాకూ తెలుసు. ‘యుద్ధంలోంచి పారిపోయాడు’ అని మీరే ఎర్ర సిరాతో రాశారట. ముచ్చటైన దస్తూరీ మీది. ఆ మాట కొట్టించడానికే వచ్చాను.

నేనెవరంటే ఏం చెప్పను? ఆ రోజు హెలికాప్టర్ నడిపింది నేనే. ఆ ఫైల్లో అడుగున ఉన్న సంతకం నాదే.

కొండ మీద శిబిరం, చుట్టూ తూటాల వాన. తొమ్మిది మందిని కిందికి తేవాలి. అంత ఎత్తులో, అంత ఎండలో గాలి పలచబడిపోతుంది, యంత్రం మొయ్యలేదు. అందుకే ఎక్కే ప్రతి మనిషినీ బరువెంతో అడిగి, పట్టీలో రాసి కూడతాం. కాలు తెగిపోయినవాణ్ణి కూడా అడిగాను. ‘ఇప్పటిదా అక్కా, ఇందాకటిదా?’ అన్నాడు. నవ్వాం. అలా చూడకండి, అక్కడ నవ్వొస్తుంది.

ఎనిమిది మందికే పట్టీలో బరువు హద్దుకి చేరిపోయింది. తొమ్మిదోవాడు వంటవాడు. అప్పటికే ఎక్కి, గరిటె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ‘దిగు తమ్ముడూ, నలభై నిమిషాల్లో వస్తా’ అన్నాను.

దిగాడు. బతిమాలలేదు. ‘పొయ్యి ఆరకుండా చూస్తాలే అక్కా’ అన్నాడు.

మళ్లీ వెళ్లేసరికి పొయ్యీ లేదు, శిబిరమూ లేదు. ‘నేను చేరేసరికి అతను అక్కడ లేడు’ అని రాసిచ్చాను. రెండోసారి చేరిన సంగతి కదా, అబద్ధమెలా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మొదటిసారి ఎక్కించి దింపిన ముక్క మింగేశాను. మిగతాది మీ ఎర్ర సిరా చూసుకుంది.

ఇంటికొచ్చి మా పాపని ఎత్తుకున్నాను. ముద్దు పెట్టుకోవాల్సింది పోయి, ‘పద్నాలుగున్నర కిలోలు’ అన్నాను. మా ఆయన నవ్వాడు. రెండు వారాలు పోయాక నవ్వడం మానేశాడు.

మొన్న ఆ వంట కుర్రాడి తల్లి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. ‘మావాడికి చీకటంటే భయం గానీ, పారిపోయే రకం కాదమ్మా. నీకేమైనా తెలుసా?’ అని అడిగింది.

తెలియదన్నాను. ఈ నోటితోనే. ఇల్లంతా దులిపేసే నోరు ఇది.

మీ నీళ్లు నాకొద్దు. ఆ గ్లాసు పక్కన పెట్టి ఈ కాయితం చూడండి. ఆ రోజు నుంచీ తొడగని నా కోటు ఉతకబోతూ, మా ఆయన నిన్న దాని జేబులోంచి తీశాడు. ఆ రోజు బరువుల పట్టీ. పైన సరుకుల పెట్టెలని ఉందా? వెళ్లేటప్పుడు మేం మోసుకెళ్లినవి. శిబిరంలో దించేశాం. దించగానే ఆ అంకె మీద గీత కొట్టాలి, మాకు నేర్పే మొదటి పాఠమే అది. నేను కొట్టలేదు. లేని పెట్టెల్ని కూడి, ఉన్న మనిషిని దింపేశాను.

ఆ పెట్టెలు దించి మోసుకెళ్లింది ఎవరనుకున్నారు? అతనే. తన వంటింటికి.

నా ఉద్యోగం సంగతి మీకెందుకు, పోతే పోనివ్వండి. రాయండి. అతను పారిపోలేదు, పైలట్ దింపేసింది. వంటవాడి బరువు, బూట్లతో కలిపి, యాభై నాలుగు కిలోలు. హెలికాప్టర్లో ఖాళీ, నూట ఇరవై.